మార్తకు ఏం సమాధానం?

తెలుగు బైబిలు చదువుతుంటే రెండు మాటల దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఒకటి సమాధానం. బడిలో అది ప్రశ్న కింద రాసే జవాబు. గుడిలో అది దేవుడిచ్చే నెమ్మది. యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయంలో ‘శాంతి’ అన్న అనువాదకులే ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి ‘సమాధానము’ అన్నారు. రెండోది తొందర. ఇప్పటి వాడుకలో అది హడావుడి. పాత తెలుగులో కలత, ఇబ్బంది అని కూడా అర్థం. లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు మార్తతో ఆమె తొందర గురించి మాట్లాడినప్పుడు అనువాదకుల మనసులో ఉన్నది ఆ పాత అర్థమే. కానీ పొద్దున్న ఏడింటికి ఒక చేత్తో క్యారేజీ సర్దుతూ, ఇంకో చేత్తో పిల్లకు జడ వేస్తూ గోడమీది వాక్యం చూసే తల్లికి రెండు అర్థాలూ కలిసే వినబడతాయి.

మార్త కథ తెలియని క్రైస్తవ ఇల్లు లేదు. బేతనియలో తమ ఇంటికి వచ్చిన యేసుకు మర్యాద చేయాలని ఆమె పనిలో మునిగిపోయింది. తోబుట్టువు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది. సాయానికి రమ్మని ఆమెతో చెప్పండి అని మార్త అడిగితే, మరియ ఎంచుకున్నదే మేలైనదని ఆయన జవాబిచ్చాడు. కథ అక్కడితో ఆగింది. వంట ఎవరు పూర్తి చేశారో లూకా రాయలేదు.

చిన్నపిల్లల తల్లికి క్రైస్తవ విశ్వాసం ఇస్తున్నది శాంతా, ఇంకో పనా? ఈ ప్రశ్నకు సంఘాలు శతాబ్దాలుగా చెబుతూ వచ్చిన జవాబులు ముఖ్యంగా నాలుగు. తెల్లవారకముందే లేచి ప్రార్థించు అన్నది ఒకటి. పనినే ప్రార్థన చేసుకో అన్నది రెండోది. ఒక రోజు పని ఆపు అన్నది మూడోది. తోటి తల్లులతో కలిసి నడువు అన్నది నాలుగోది. ఒక్కొక్కటి ఎక్కడ పుట్టింది, ఎవరికి పనికొచ్చింది, ఎవరిని వదిలేసింది అన్నది చూద్దాం.

ముందు పని లెక్క

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు నిండిన ఆడవాళ్లలో 81.2 శాతం మంది జీతంలేని ఇంటిపని చేస్తున్నారని అప్పుడు తేలింది. మగవాళ్లలో చేసేది 26.1 శాతం. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి ఇచ్చారు. పిల్లల, పెద్దల సంరక్షణ దీనికి అదనం. అందులో ఆడవాళ్లు 134 నిమిషాలు, మగవాళ్లు 76. ఇంటి మతం ఏదైనా అంట్లు అంట్లే కాబట్టి ఈ లెక్కను మన గుమ్మం బయట పెట్టి మాట్లాడలేం.

అంకెల్లోకి రాని భారం ఇంకొకటుంది. టీకా ఎప్పుడు, ఫీజు గడువు ఎప్పుడు, పెద్దవాడి జ్వరం మందు ఎన్ని గంటలకోసారి, రేపటి టిఫినుకు పిండి ఉందా అన్నది ఒక్కరి బుర్రలోనే నడుస్తూ ఉంటుంది. మార్త గురించి లూకా వాడిన గ్రీకు క్రియకు నలువైపులా లాగబడటం అని అర్థం. పని ఎక్కువైందని చెప్పడం కంటే ఇది సూటిగా తగులుతుంది. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా ఆ లాగుడు తల్లి కొంగు దగ్గరికే వస్తుంది.

మన పెద్దలకు ఇది తెలియక కాదు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం, బాలింతకు పథ్యం పెట్టడం, బిడ్డకు నూనె రాసి నీళ్లుపోయడానికి వేరే మనిషిని పెట్టడం ఆ ఎరుకతో వచ్చినవే. ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో అయినప్పుడు పుట్టిల్లు దూరమైంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అయితే అమ్మ ఆరు నెలలుండి తిరుగు విమానం ఎక్కుతుంది. ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో పురుడు లేదు, పథ్యం లేదు, ఒక తల్లీ ఒక గడియారమూ మిగులుతాయి. కోనసీమ నుంచి, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులది ఇంకో కథ. వాళ్లు అక్కడ వేరేవాళ్ల పిల్లలకు జోకొడతారు, ఇక్కడ వాళ్ల పిల్లలు అమ్మమ్మ పక్కన పడుకుంటారు. తల్లికి శాంతి అన్నప్పుడు వీళ్లందరి సంగతీ అందులోకి రావాలి.

తెల్లవారుజాము

మన ప్రసంగాల్లో ఎక్కువగా వినబడే జవాబు ఇదే. నాలుగింటికి లేవండి, ఇల్లు లేవకముందే మోకరించండి, రోజంతా నెమ్మది ఉంటుంది. దీనికి బైబిలు ఆధారం గట్టిదే. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరి చోటికి వెళ్లి ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయం చెబుతుంది. సామెతల గ్రంథం చివరి అధ్యాయంలోని గుణవతి కూడా చీకటి ఉండగానే లేస్తుంది.

ఈ జవాబుకు ఉదాహరణగా తరచూ వచ్చే పేరు సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి. 1669లో పుట్టి 1742లో పోయింది. కన్నది 19 మందిని. దాదాపు సగం మంది పసితనంలోనే చనిపోయారు. ఇంగ్లండులోని ఎప్‌వర్త్ ఊళ్లో, అప్పులతో నడిచే పాస్టరు ఇల్లు. ప్రార్థనకు వేరే గది లేక ఆమె ఏప్రాను తలమీదికి లాక్కుని కూర్చునేదని, అలా ఉన్నప్పుడు పిల్లలు పిలవకూడదని తెలిసి ఊరుకునేవారని చెప్పుకుంటారు. ఆ ముచ్చట ఎంతవరకు నిజమైనా, ఆమె ఉత్తరాల్లో నిలిచిన సంగతి ఇంకా గొప్పది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించి వాళ్లతో విడిగా మాట్లాడేది. జాన్ వంతు గురువారం, చార్లెస్ వంతు శనివారం. అంతమంది పిల్లల్లో ఒక్కరికైనా తాను గుంపులో ఒకణ్ణి అనిపించకుండా చూసింది.

మన ప్రసంగాల్లోకి ఏప్రాను వస్తుంది కానీ ఆ ఇంటి పనిమనిషి రాదు. 1709లో ఆ ఇల్లు తగలబడినప్పుడు చంటివాడైన చార్లెస్‌ను ఎత్తుకుని బయటికి నడిచింది ఆ పనిమనిషే. సామెతల్లోని గుణవతి సంగతీ అంతే. చీకటితో లేచి ఇంటివారికి భోజనం, పనికత్తెలకు వాళ్ల వంతు ఇస్తుందన్న వాక్యంలోనే ఆమెకు పనికత్తెలున్నారన్న సమాచారమూ ఉంది. పైగా ఆ పద్యం హీబ్రూ అక్షరమాల వరసలో 22 చరణాలుగా అల్లిన స్తుతి. యూదుల ఇళ్లలో శుక్రవారం సాయంత్రం భర్త భార్యను మెచ్చుకుంటూ దాన్ని పాడటం ఆచారం. మన తల్లుల దినం ఆరాధనల్లో అదే పద్యం చేయవలసిన పనుల పట్టీగా మారింది. భర్త నోట పాట కావలసింది భార్య చేతికి పట్టీ అయింది.

తెల్లవారుజాము ప్రార్థన రుచి తెలిసినవాళ్లు దాన్ని వదులుకోరు, వదలమనడం నా ఉద్దేశం కూడా కాదు. కానీ రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చిన తల్లికి నాలుగింటి అలారం మరో భారం. లేవలేకపోయిన రోజున ఆమెకు దక్కేది నిద్రా కాదు, నెమ్మదీ కాదు, అపరాధభావం. పిల్లలు కాస్త ఎదిగాక ఈ జవాబు పనికొస్తుంది. చంటిబిడ్డ ఒళ్లో ఉన్నంతకాలం దీన్ని భక్తికి కొలబద్దగా పెట్టకూడదు.

గిన్నెల మధ్య

రెండో జవాబు ప్రార్థనకు వేరే వేళ అవసరం లేదంటుంది. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మేలు మఠంలో బ్రదర్ లారెన్స్ అనే వంటవాడుండేవాడు. అంతకుముందు సైనికుడు. వంటపని అతనికి స్వభావరీత్యా ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్యే దేవునితో మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. 1691లో అతను పోయాక అతని మాటలూ ఉత్తరాలూ కూర్చిన చిన్న పుస్తకం ఇప్పటికీ క్రైస్తవ లోకమంతా చదువుతుంది. అంతకు వందేళ్ల ముందు స్పెయిన్‌లో అవిలా తెరేసా కూడా దేవుడు వంటింటి గిన్నెల మధ్య కూడా తిరుగుతాడని తన మఠాల సన్యాసినులకు నేర్పింది. జర్మనీలో పద్నాలుగో శతాబ్దపు బోధకుడు ఎక్‌హార్ట్ ఇంకా ముందుకు వెళ్లాడు. మార్తే పరిణతి చెందినదని, మరియ ఇంకా నేర్చుకుంటోందని ప్రసంగించాడు.

ఈ వరసలో నాకు ఎక్కువ నచ్చేది మార్టిన్ లూథర్. 1522లో వివాహం గురించి రాసిన పుస్తకంలో ఆయన బిడ్డ గుడ్డలు ఉతకడం గురించి మాట్లాడాడు. తండ్రి ఆ గుడ్డలు ఉతుకుతుంటే లోకం నవ్వవచ్చు, కానీ విశ్వాసంతో చేసే ఆ పనిని చూసి దేవుడు, దూతలు ఆనందిస్తారన్నది ఆయన వాదం. అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు. మూడేళ్ల తర్వాత కతరీనా ఫొన్ బోరాను చేసుకుని ఆరుగురు పిల్లల తండ్రి అయ్యాడు. ఆ ఇంటి తోట, పశువులు, అద్దెకుండే విద్యార్థుల భోజనం చూసుకున్నది మాత్రం కతరీనాయే. ఆంధ్రలో 1842 నుంచి లూథరన్ సంఘం ఉంది. లూథర్ విశ్వాస సిద్ధాంతం మన సండే స్కూలు దాకా వచ్చింది, ఉతికిన ఆ గుడ్డలు మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోయాయి.

మన కాలంలో అమెరికా రచయిత్రి కాథలీన్ నారిస్ 1998లో బట్టలుతకడం, ఆరాధన, ఆడవాళ్ల పని గురించి ఒక చిన్న పుస్తకం రాసింది. ఆరాధనా రోజూ చేసిందే చేయాలి, ఇంటిపనీ అంతే, ఆ తిరిగి తిరిగి చేయడంలోనే మనిషి మలచబడుతుందన్నది అందులోని ఆలోచన.

ఈ జవాబు అందం కాదనలేం. ఇడ్లీ రేకులకు నూనె రాస్తూ ఒక్కో గుంట దగ్గర ఇంట్లో ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థించుకునే తల్లికి దేవుడు వంటింటి గుమ్మం బయట ఆగడు. కానీ లారెన్స్ గిన్నెలు ఏడవవు. మఠంలో గంట కొడితే పని ఆగుతుంది, పడుకునే వేళ అందరికీ ఒకటే. తల్లి పనికి గంట లేదు. పనే ప్రార్థన అన్న మాట పని చేసేవాళ్లు తమకు తాము చెప్పుకుంటే ఓదార్పు. సోఫాలో కూర్చున్నవాడు చెబితే అది పని తప్పించుకునే మార్గం.

పని ఆపే రోజు

మూడో జవాబు విశ్రాంతి దినం. పది ఆజ్ఞల్లో ఎక్కువ మాటలు దీనికే. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో ఆ రోజు పని మానవలసినవాళ్ల జాబితా ఉంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, దాసి, పశువులు, నీ ఇంట ఉన్న పరదేశి. భార్య పేరు అందులో లేదు. నువ్వు అన్న మాటలోనే ఆమె ఉందని, ఇంటి యజమానితో సమానంగా ఆజ్ఞ ఆమెకూ సూటిగా ఇచ్చారని ఒక వ్యాఖ్యానం. పని ఆపేవాళ్లలో ఆమె లేనట్టేనని ఇంకొకరి అనుమానం. మొదటిదే సరైనదని నా నమ్మకం. కానీ మన ఆదివారాన్ని చూస్తే రెండోవాళ్లే గెలిచారనిపిస్తుంది.

ఆదివారం పొద్దున తల్లి పని చూడండి. ఐదింటికి కోడికూర పొయ్యిమీద పెట్టాలి, తిరిగొచ్చాక చుట్టాలు రావచ్చు. తెల్లచీర, పిల్లల బట్టలు ఇస్త్రీ చేయాలి. తొమ్మిదికి సండే స్కూలు. ఆరాధనలో చంటివాడు ఏడిస్తే వరండాలోకి వెళ్లాలి, కాబట్టి ప్రసంగం సగమే వినబడుతుంది. ప్రేమవిందు ఉంటే వడ్డన కూడా స్త్రీల మీదే. ప్రభువు బల్ల దగ్గర అందరం సమానమే. అంట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ సమానం కొంచెం తగ్గుతుంది.

విశ్రాంతి గురించి బైబిలు తనే కొంచెం నవ్వుతుంది. మార్కు ఆరో అధ్యాయంలో శిష్యులకు తినడానికి కూడా తీరిక లేకపోతే యేసు వాళ్లను ఏకాంతానికి రమ్మంటాడు. పడవ ఒడ్డు చేరేసరికి జనం ముందే అక్కడ ఉన్నారు. బాత్రూమ్ తలుపు వేసుకున్న రెండో నిమిషంలో బయటినుంచి పిలుపు వినే తల్లికి ఈ సన్నివేశం విడమరచి చెప్పక్కర్లేదు. ఆయన విసుక్కోలేదు, వాళ్లకు బోధించాడు, తినిపించాడు. అయితే ఆ సాయంత్రం అందరినీ పంపేసి, శిష్యులను పడవ ఎక్కించి, తానొక్కడే కొండెక్కాడు. వాయిదా పడిన ఏకాంతాన్ని వదులుకోలేదు.

నూట ముప్పై ఒకటో కీర్తన మూడే వచనాలు. ప్రాణాన్ని పాలు మానిన బిడ్డతో పోలుస్తుంది. దీన్ని బిడ్డను ఎత్తుకున్న తల్లి గొంతుగా చదివిన పండితులూ ఉన్నారు. పాలు మాన్పించినవాళ్లకు ఆ పోలిక బరువు తెలుస్తుంది. వేపాకు రసం, మారాం, నిద్రలేని రాత్రులు అన్నీ దాటాక ఒకరోజు ఆ బిడ్డ పాలకోసం కాక ఊరికే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. కీర్తన చెప్పే నెమ్మది ఆ రోజుది. పెనుగులాట లేకుండా వచ్చిన నెమ్మది కాదది.

తోటి తల్లులు

నాలుగో జవాబు సంఘం. దీని చరిత్ర అంతా వంటింట్లోంచీ పురిటి గదిలోంచీ పుట్టిందే. 1858లో అమెరికాలో, ఇప్పటి పశ్చిమ వర్జీనియాలో, ఆన్ రీవ్స్ జార్విస్ అనే మెథడిస్టు తల్లి తల్లుల పని సంఘాలు పెట్టింది. ఆమె పిల్లల్లో పెద్దయ్యేవరకూ బతికింది నలుగురే. ఆ సంఘాలు పాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూశాయి, మందులకు డబ్బు పోగుచేశాయి, తల్లికి క్షయ ఉన్న ఇళ్లలో పనికి మనుషుల్ని పెట్టాయి. ఆమె జ్ఞాపకంగా కూతురు ఆనా 1908 మే 10న గ్రాఫ్టన్ ఊరి చర్చిలో చేయించిన ఆరాధన నుంచే తల్లుల దినం వచ్చింది. 1914లో అది అమెరికా జాతీయ దినమైంది. ఇప్పుడు మనం ఆ రోజున గులాబీ పువ్వు ఇస్తున్నాం. ఆన్ జార్విస్ ఇచ్చింది పనిమనిషిని.

1876లో ఇంగ్లండులో మేరీ సమ్నర్ అనే పాస్టరు భార్య మదర్స్ యూనియన్ మొదలుపెట్టింది. కూతురికి బిడ్డ పుట్టినప్పుడు తన తొలినాళ్ల భయం గుర్తొచ్చి, తల్లులు ఒకరికొకరు తోడు కావాలనుకుంది. ధనిక, పేద తల్లులను ఒకే గదిలో కూర్చోబెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అది 80కి పైగా దేశాలకు పాకింది. మన దగ్గర సి.ఎస్.ఐ. సంఘాల్లో స్త్రీల మైత్రి, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో స్త్రీల సమాజం, స్వతంత్ర సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆ తోడు కోసమే ఉన్నాయి.

వీటి విలువ తక్కువ చేసి చూడలేం. ఇంట్లో నోరు విప్పని కోడలు అక్కడ సాక్ష్యం చెప్పడానికి మైకు పట్టుకుంటుంది. పాస్టరమ్మ తలమీద చేయివేసి ప్రార్థిస్తే పదిరోజుల ఏడుపు ఒక్కసారి బయటికొస్తుంది. కువైట్‌లో శుక్రవారం సెలవు దొరికిన తెలుగు ఆడవాళ్లు ఆరాధన కూటాల్లో ఒకరి పిల్లల ఫోటోలు ఒకరు చూసుకుని ఇంటి బెంగ తీర్చుకుంటారు.

కానీ తోడు కూడా పనిగా మారగలదు. కాటేజీ మీటింగు మన ఇంట్లో అంటే ముప్పైమందికి టీ, టిఫిను. క్వయిరు, సండే స్కూలు టీచరు బాధ్యత, క్రిస్మస్ నాటిక అన్నీ మంచివే, అన్నీ సాయంత్రాలే తింటాయి. పాలిచ్చే తల్లి ఉపవాసం ఉండలేనంటే భక్తి తగ్గిందనే చూపులు ఇంకా ఉన్నాయి. సంఘం అడిగేదానికీ ఇచ్చేదానికీ లెక్క సరిచూసుకోవాల్సింది పెద్దలే.

ప్రార్థనతోపాటు డాక్టరు

ఈ నాలుగు జవాబులూ చాలని చోటు ఒకటుంది. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటును తొందర అనీ అలసట అనీ తోసిపారేయలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 2017లో వచ్చిన సమీక్ష మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లులను కలిపి చూసింది. ప్రసవానంతర కుంగుబాటు 22 శాతం మందిలో కనిపించింది. అంటే స్త్రీల కూటంలో చంటిబిడ్డలతో కూర్చున్న ఐదుగురిలో ఒకరు. నిద్రపట్టకపోవడం, బిడ్డమీద మనసు నిలవకపోవడం, కారణంలేని ఏడుపు, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే దాన్ని విశ్వాసం తగ్గడమనో, ఏదో పట్టిందనో తేల్చేయడం ప్రమాదం.

దీనికి బైబిల్లో మంచి పాఠం ఏలీయాది. రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఆ ప్రవక్త ఒక చెట్టుకింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు, వాక్యం చెప్పలేదు. దూత వచ్చి కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాత, నలభై రోజుల నడక దాటాక. వరస చూడండి: నిద్ర, తిండి, మళ్లీ నిద్ర, ఆ తర్వాత మాట.

వైద్యం విశ్వాసానికి పరాయిది కాదని ఆంధ్ర క్రైస్తవులకు గుర్తుచేయాల్సిన పని లేదు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. మగ డాక్టరు దగ్గరికి వెళ్లలేని తల్లులకు అది దిక్కయింది. మనసు జబ్బుకూ అదే నియమం వర్తించాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. గుడి నోటీసు బోర్డు మీద వాగ్దాన వాక్యం పక్కన ఈ నంబరు ఉంటే ఆ వాక్యం విలువ తగ్గదు.

ఇంకో హెచ్చరిక మన మాటలోనే ఉంది. సమాధానం మనకు సమాధానపడటం కూడా. కొట్టే భర్త, తాగి వచ్చే భర్త ఉన్న ఇంటి ఆడపిల్ల పెద్దల దగ్గరికి వస్తే, సమాధానపడమ్మా అని పంపేయడం మనం చూస్తూనే ఉన్నాం. అది సమాధానం కాదు, సర్దుకుపోవడం. దేవుడిచ్చేదానికి ఆ పేరు పెట్టి ఆమె చేతిలో పెట్టడం మోసం.

నా తీర్పు

నాలుగు జవాబులూ నిజమే, ఒక్కొక్కటీ సగం నిజం. ఏప్రాను కింద ప్రార్థనకూ, గిన్నెల మధ్య ప్రార్థనకూ, విశ్రాంతి దినానికీ, స్త్రీల కూటానికీ వెనుక ఎప్పుడూ ఎవరివో చేతులున్నాయి. పనిమనిషి, మఠం గంట, ఆజ్ఞ అందరికీ ఇచ్చిన దేవుడు, పక్కింటి తల్లి. ఆ చేతుల్ని తీసేసి శాంతిని ఒక్క తల్లి సాధించవలసిన ఘనకార్యంగా ఎప్పుడు చెప్పామో అప్పుడే జవాబు కాస్తా పని అయింది.

సమాధానం గురించి అందరం కంఠస్థం చేసే ఫిలిప్పీ పత్రికే దీనికి సాక్ష్యం. పౌలు దాన్ని చెరలోంచి రాశాడు. ఆ రోజుల్లో ఖైదీకి తిండీ బట్టా బయటివాళ్లు పంపాల్సిందే. ఎపఫ్రొదితు చేత ఫిలిప్పీ సంఘం పంపిన సాయం అందిందని, కృతజ్ఞుడినని ఆయన ఆ ఉత్తరంలోనే, ఆ సమాధానం వాక్యం ఉన్న అధ్యాయంలోనే రాశాడు. చింతపడవద్దని చెప్పినవాడి చేతికి సంఘం అన్నం పంపింది. మనం మొదటి సగం గోడకు తగిలించుకుని రెండో సగం మర్చిపోయాం.

మార్త సంగతి కూడా లూకా దగ్గర ముగియలేదు. యోహాను సువార్తలో తమ్ముడో అన్నో అయిన లాజరు చనిపోయినప్పుడు, యేసే క్రీస్తని ఒప్పుకున్న గొప్ప మాట ఆమె నోటినుంచే వచ్చింది. తర్వాతి అధ్యాయంలో విందు జరిగినప్పుడు, యేసు మళ్లీ బతికించిన లాజరు భోజనానికి కూర్చున్నవాళ్లలో ఉన్నాడు, మార్త వడ్డిస్తోంది. ఈసారి ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు, ఆమె కూడా ఎవరినీ తప్పుపట్టలేదు. పని మారలేదు, లాగుడు పోయింది. అది విశ్వాసం ఇచ్చిన సమాధానం, దాన్ని నేను కాదనను. కానీ ఆ విందులో కూర్చున్న లాజరుతో కూడా నాకు ఒక మాట ఉంది.

యోహాను చివరి అధ్యాయంలో శిష్యులు రాత్రంతా వలవేసి అలసిపోయి ఒడ్డుకొచ్చారు. మరణం నుంచి లేచిన ప్రభువు అప్పటికే నిప్పులు రాజేసి, చేపలు పెట్టి, రొట్టె సిద్ధం చేశాడు. పేతురుతో అసలు మాటలు అందరూ తిన్నాకే. తిబెరియ సముద్రపు ఒడ్డున ఆ పొద్దున వంట చేసింది ఆయనే. కాబట్టి వచ్చే ఆదివారం ప్రేమవిందు అయ్యాక, అన్నల్లారా, తమ్ముల్లారా, అంట్ల దగ్గరికి మీరు వెళ్లండి. చంటిబిడ్డను ఒక గంట ఎవరైనా ఎత్తుకోండి. ఆ తల్లిని మొదటి వరసలో కూర్చుని ప్రసంగం చివరిదాకా విననివ్వండి.